మట్టి గోడ, వాన నీరు: మదీనా నుండి జెన్నె దాకా

ముస్లింల నిర్మాణకళను గురించి వ్రాసేవారు సాధారణంగా గుమ్మటాల దగ్గర, మినార్ల దగ్గర, పాలరాతి జాలీల దగ్గర ఆగిపోతారు. రాజులు కట్టించినవి గనుక అవి గ్రంథాలకెక్కాయి. కాని ముస్లిం జనసామాన్యం శతాబ్దాల తరబడి నివసించిందీ, నమాజు చేసుకున్నదీ ఎక్కువగా మట్టి గోడల మధ్యనే. మొరాకో నుండి మధ్య ఆసియా దాకా, యమన్ నుండి నైజర్ నదీతీరం దాకా పచ్చి ఇటుకతో, దిమ్మిస వేసిన మట్టితో కట్టిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. స్పెయిన్‌లోని అల్‌హమ్రా కోట గోడలు సైతం చాలామేరకు సున్నం కలిపి దిమ్మిస వేసిన మట్టితో లేపినవే.

మట్టి గోడ ఎండను ఆపుతుంది, చలిని ఆపుతుంది, బరువును మోస్తుంది. అది తట్టుకోలేనిది ఒక్కటే, నీరు. అటువంటి గోడలు నాలుగైదు వందల ఏండ్లు ఎట్లా నిలిచాయి? నిలిచినవి ఏ కారణాన కూలాయి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో కొంత తాపీపని చరిత్ర ఉంది, కొంత ధర్మశాస్త్ర చరిత్ర ఉంది. రెండింటినీ విడదీసి చూస్తే విషయం సగమే అర్థమవుతుంది.

మదీనాలో తొలి గోడ

మస్జిదె నబవీ తొలి రూపాన్ని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వర్ణించారు. సహీహ్ బుఖారీలో ఆ ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (స) కాలంలో మస్జిద్ గోడలు పచ్చి ఇటుకవి, కప్పు ఖర్జూరపు మట్టలది, స్తంభాలు ఖర్జూరపు మొద్దులు. హజ్రత్ అబూబక్ర్ (రజి) దానికి ఏమీ చేర్చలేదు. హజ్రత్ ఉమర్ (రజి) విస్తరింపజేసినా అదే పచ్చి ఇటుక, అవే మట్టలు వాడించారు. చెక్కిన రాతి గోడలు, జిప్సం గచ్చు, టేకు కప్పు వచ్చింది హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 29వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 649–50 ప్రాంతంలో.

ఆ తొలి కప్పు వానను ఆపలేకపోయిన రాత్రి ఒకటి హదీసు గ్రంథాల్లో నిలిచిపోయింది. రమజాన్ నెల 21వ రాత్రి వాన కురిసి మట్టల కప్పు కారిందనీ, దైవప్రవక్త (స) ఆ తడి నేలపైనే సజ్దా చేశారనీ, తెల్లవారి వారి నుదుట మట్టి కనిపించిందనీ హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపారు. లైలతుల్ ఖద్ర్ సందర్భంలో మనం ఎన్నోసార్లు విన్న ఉల్లేఖనమే ఇది. నిర్మాణ చరిత్ర దృష్టితో చూసినా అందులో ఒక సాక్ష్యం ఉంది. మదీనాలో వాన అరుదు, అయినా వచ్చినప్పుడు మట్టి కట్టడాన్ని అది పరీక్షిస్తుంది.

మస్జిద్ పని చేయించేటప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) చేసిన హెచ్చరిక కూడా బుఖారీలో నమోదై ఉంది. జనానికి వాన నుండి రక్షణ కల్పించాలి, ఎరుపు పసుపు రంగులు వేసి నమాజీల దృష్టి మరల్చరాదు అన్నది దాని సారాంశం. కట్టడం మొదటి పని తడవకుండా కాపాడటం, అలంకారం తర్వాతి మాట. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు ఇది అవసరమవుతుంది.

ముస్నద్ అహ్మద్‌లోని మరొక ఉల్లేఖనం వాన తూముకు సంబంధించినది. హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి కప్పు నుండి దారివైపు ఒక తూము ఉండేది. జుమా నాడు ఆ దారిన వెళుతున్న హజ్రత్ ఉమర్ (రజి) బట్టలపై దానినుండి నీళ్లు పడ్డాయి. ఆ నీటిలో కోసిన కోడిపిల్లల రక్తం కలిసి ఉంది. వారు తూమును తీసివేయించి, ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకొని వచ్చి నమాజు చేయించారు. ఆ తూమును అక్కడ పెట్టింది స్వయంగా దైవప్రవక్తేనని (స) హజ్రత్ అబ్బాస్ (రజి) తెలిపినప్పుడు, ఖలీఫా తన వీపు మీద ఎక్కి తూమును మళ్లీ అదే చోట పెట్టమని పట్టుబట్టారు. ఈ వృత్తాంతాన్ని వినయానికి ఉదాహరణగా చెబుతుంటారు. ఇల్లు తడవకుండా నీటిని బయటికి పంపే హక్కు, దారిన పోయేవాడు తడవకుండా ఉండే హక్కు రెండూ ఎదురుపడిన తొలి వివాదాల్లో ఒకటిగా కూడా దీన్ని చూడవచ్చు.

నీరు గోడను ఎట్లా తింటుంది

పచ్చి ఇటుకలో ఇసుకనూ ఒండ్రునూ పట్టి ఉంచేది బంకమన్ను. ఎండినంతకాలం అది గట్టి జిగురు. తడిసినప్పుడు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరకు పట్టు విడుస్తుంది. గోడకు నీరు మూడు దారుల్లో చేరుతుంది. పైనుండి, అంటే పిట్టగోడ తల మీదుగా, కప్పు అంచు నుండి. పక్కనుండి, అంటే గాలివానలో కొట్టే జల్లుగా. క్రిందినుండి, అంటే నేల చెమ్మ గోడలోకి ఎగబ్రాకడం వల్ల. మూడవది కంటికి వెంటనే కనిపించదు. నేలలోని ఉప్పును తన వెంట తెచ్చి, ఆరే చోట దాన్ని వదులుతుంది. ఆ ఉప్పు గట్టిపడి గోడ పైపొరను పొట్టు పొట్టుగా రాలుస్తుంది. గోడకు చౌడు పట్టిందని మన పల్లెల్లో అనేది దీన్నే. అడుగుభాగం అట్లా సన్నబడ్డ గోడ ఒకనాడు పైబరువుకు కూర్చుండిపోతుంది.

తడిసిన గోడ ఆరే వీలుంటే ప్రమాదం తక్కువ. పాతకాలపు తాపీపనివారికి ఈ సంగతి అనుభవంలో తెలుసు. వారు వేసిన పూతలు మట్టివో సున్నానివో. అవి వాన దెబ్బను తాము భరిస్తూనే లోపలి తడిని ఆవిరిగా బయటికి పోనిస్తాయి. సిమెంటు పూత బిరుసుది. మట్టి గోడ ఎండకూ తేమకూ కదిలినట్లు అది కదలదు. కనుక పగులుతుంది. పగుళ్లలో దిగిన నీరు వెనక్కి వచ్చే దారి లేక లోపలే నిలుస్తుంది. బయటికి పూత గట్టిగానే కనబడుతుంది, దాని వెనుక ఇటుక బురదగా మారి ఉంటుంది. గత నూరేండ్లలో ప్రపంచం నలుమూలలా మట్టి కట్టడాలకు జరిగిన నష్టంలో దీని భాగం చాలా పెద్దది.

షిబామ్ పట్టణం

మట్టి గోడను ఎంత ఎత్తుకు లేపవచ్చునో తెలియాలంటే యమన్‌లోని హజ్రమౌత్ లోయకు వెళ్లాలి. అక్కడి షిబామ్ పట్టణం ప్రాకారంలోపల ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన ఇళ్లు కొన్ని ఏడెనిమిది అంతస్తులవి. అన్నీ పచ్చి ఇటుకవే. జామె మస్జిద్ చాలామేరకు 9–10 శతాబ్దాల నాటిది. ఇళ్లలో ఎక్కువ భాగం 1532–33లో వచ్చిన పెద్ద వరద పట్టణాన్ని దెబ్బతీసిన తరువాత కట్టినవి. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో 1982లో షిబామ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడి పనితనంలో ప్రతి వివరమూ నీటిని ఉద్దేశించిందే. పొలాల ఒండ్రుమట్టిలో గడ్డి తునకలు కలిపి, తొక్కి, పలుచని పెద్ద ఇటుకలుగా పోసి ఎండబెడతారు. పునాది రాతిది. గోడ అడుగున బాగా మందంగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందువల్ల పైబరువు తగ్గుతుంది, గోడ కొంచెం లోపలికి వాలి నిలుస్తుంది. నడిమి భాగానికి మట్టి పూత సరిపోతుంది. వాన నేరుగా పడే పై అంతస్తులకు, మిద్దెలకు, పిట్టగోడలకు మాత్రం సున్నపు గచ్చు. ఆ ప్రాంతంలో దాన్ని నూరా అంటారు. కాల్చి చల్లార్చిన సున్నాన్ని కర్రలతో ఎంతోసేపు బాది, పూసిన తరువాత రాతితో రుద్ది నునుపు చేస్తారు. దూరం నుండి చూసేవారికి షిబామ్ ఇళ్ల తలలు తెల్లటి తలపాగాలు చుట్టుకున్నట్లు కనిపించడానికి కారణం ఇదే. స్నానపు గదులకు, నీరు తగిలే అడుగు భాగాలకు కూడా సున్నపు గచ్చే. కప్పు నీరు గోడకు తగలకుండా కొయ్య తూములు బయటికి పొడుచుకొని ఉంటాయి.

నూరా కొన్నేండ్లకు పొరలు విడుస్తుంది. మట్టి పూత అంతకంటే ముందే అరుగుతుంది. అందువల్ల షిబామ్ ఇల్లు కట్టి వదిలేసేది కాదు, తరతరానా ఖర్చు పెట్టవలసినది. ఈ ఖర్చుకు డబ్బు ఎక్కడినుండి వచ్చింది? జవాబులో కొంత భాగం మన హైదరాబాదులో ఉంది.

హజ్రమౌత్ లోయలో పంట చాలదు. అక్కడి పురుషులు తరతరాలుగా జావా, సింగపూర్, తూర్పు ఆఫ్రికా, దక్కన్ ప్రాంతాలకు వలసపోయారు. దక్కన్‌కు వచ్చినవారు ఎక్కువగా నిజాం సైన్యంలో చేరారు. హైదరాబాదులోని బార్కస్ వారి సంతతి నివసించే పేట. సైనికుల బారకాసుల నుండే ఆ పేరు వచ్చింది. 19వ శతాబ్దంలో నిజాం కొలువులో జమాదారుగా ధనమూ పలుకుబడీ సంపాదించిన ఉమర్ బిన్ అవజ్ అల్ ఖుఅయితీ కుటుంబమే హజ్రమౌత్‌లో ఖుఅయితీ సుల్తానత్‌ను స్థాపించింది. షిబామ్ వారి ఏలుబడిలోకి వచ్చింది. దక్కన్‌లో సంపాదించిన జీతాలు సముద్రం దాటి ఆ లోయలో ఇళ్లయ్యాయి, ఇళ్లకు పూతలయ్యాయి.

ఆ ప్రవాహం ఆగిన సందర్భాలు చరిత్రలో స్పష్టంగా ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జావా, సింగపూర్‌ల నుండి డబ్బు రావడం నిలిచిపోయి 1940ల నడుమ హజ్రమౌత్‌లో కరువు వచ్చింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిపోవడంతో అరబ్బు సైనికుల కొలువులూ ముగిశాయి. 1967లో ఖుఅయితీ సుల్తానత్ అంతరించింది. తరువాతి దక్షిణ యమన్ ప్రభుత్వం ఇళ్లను జాతీయం చేసినప్పుడు, పొరుగునున్న తరీమ్ పట్టణంలో సంపన్న వర్తకుల మట్టి భవనాలు కొన్ని యజమానుల చేజారాయి. కట్టుకున్నవారు దూరమైన గోడకు పూత వేసేదెవరు? అద్దెదారు తన పని కాదనుకుంటాడు, అధికారి కాగితం కోసం ఎదురుచూస్తాడు. వాన ఎవరికోసమూ ఆగదు.

మరొక దెబ్బ సౌకర్యం రూపంలో వచ్చింది. పూర్వం షిబామ్‌లో నీరు కుండల్లో ఇంటికి చేరేది. కొలిచినట్లు వాడేవారు. మరుగుదొడ్ల ఏర్పాటు కూడా తడి నిలవని విధంగా ఉండేది. కొళాయిలు వచ్చాక వాడకం పెరిగింది, వాడిన నీరు పోయేందుకు తగిన కాల్వలు లేకపోయాయి, గొట్టాలు కారాయి. పైనుండి వచ్చే వానకు సిద్ధపడిన గోడలు క్రిందినుండి వచ్చే చెమ్మకు లోబడ్డాయి. 2000 సంవత్సరం నుండి జర్మనీ సహకారంతో నడచిన పథకంలో ఇంటి యజమానులే ఖర్చులో కొంత భాగం పెట్టుకొని, స్థానిక తాపీపనివారి చేత పాత పద్ధతుల్లో మరమ్మతులు చేయించుకున్నారు. ఆ పథకానికి 2007లో ఆగాఖాన్ నిర్మాణ పురస్కారం లభించింది. 2008 అక్టోబరు వరదల్లో లోయలో ఎన్నో మట్టి ఇళ్లు కూలాయి. 2015లో, యుద్ధం నడుమ, షిబామ్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

జెన్నె మస్జిద్

షిబామ్‌లో గోడ కాపుదల ఇంటింటి పని. ఊరంతా కలిసి ఒకే గోడను కాచే ఏర్పాటుకు పశ్చిమ ఆఫ్రికాలో, మాలి దేశంలోని జెన్నె పట్టణం ఉదాహరణ. ప్రపంచంలోని అతి పెద్ద మట్టి కట్టడంగా పేరొందిన జామె మస్జిద్ అక్కడే ఉంది. 17వ శతాబ్దపు చరిత్రకారుడు అస్ సాదీ తన తారీఖుస్ సూడాన్‌లో తెలిపిన ప్రకారం, జెన్నె పాలకుడు కోయ్ కొన్‌బొరో ఇస్లాం స్వీకరించి తన భవనాన్ని పడగొట్టించి ఆ చోట మస్జిద్ కట్టించాడు. అది 13వ శతాబ్దపు మాటగా చరిత్రకారులు భావిస్తారు.

ఆ పాత మస్జిద్ అంతరించిన విధం మన అంశానికి చాలా ముఖ్యమైనది. 19వ శతాబ్దం తొలి భాగంలో సేకు అమదు అనే సంస్కర్త జెన్నెను జయించాడు. పాత మస్జిద్‌ను ఆయన ఆమోదించలేదు. నిరాడంబరమైన కొత్త మస్జిద్ కట్టించాడు. కాని మస్జిద్‌ను పడగొట్టడం తగదు గదా! కప్పు మీది నీటి తూములను మూయించి, ఏటేటా వేసే పూత ఆపివేయించాడని స్థానిక సంప్రదాయం చెబుతుంది. గడ్డపార పని వాన చేసింది. 1828లో జెన్నె చేరిన ఫ్రెంచి యాత్రికుడు రెనె కాయ్యే ఆ మస్జిద్ పాడుబడి, వేలాది పక్షుల గూళ్లతో నిండి ఉండటం చూశాడు. ఆ శతాబ్దం ముగిసేనాటికి గోడల మొండాలే మిగిలాయి. మట్టి కట్టడాన్ని కూల్చడానికి ఎవరూ చేయి చేసుకోనక్కరలేదు. చేయి ఆపితే చాలు.

ఇప్పుడున్న మస్జిద్ 1906–07లో తాపీపనివారి సంఘానికి పెద్ద అయిన ఇస్మాయీలా త్రావొరె ఆధ్వర్యాన లేచింది. దాని గోడల నుండి కొయ్య కట్టలు వరుసలుగా బయటికి పొడుచుకొని ఉంటాయి. అవి మన తాటిచెట్టు జాతికే చెందిన ఆఫ్రికా తాడి దూలాలు. చూడముచ్చటగా ఉండటం ఒకటి, వాటి అసలు పని పూత వేసేవారికి నిలువు పరంజాగా ఉండటం. కట్టిననాడే రాబోయే మరమ్మతులకు మెట్లు కట్టి ఉంచారన్నమాట. కప్పు నీరు గోడకు దూరంగా పడేందుకు తూములు ఉన్నాయి. కప్పులోని గాలిరంధ్రాలకు కాల్చిన మట్టి మూతలు ఉన్నాయి. వాటిని పొడి రోజుల్లో తీసి గాలి ఆడనిస్తారు.

వానాకాలానికి ముందు ఏడాదికోసారి ఊరంతా పూత పనికి కదులుతుంది. బనీ నది తీరపు మట్టిని గుంటల్లో పోసి, ఊకతో కలిపి, వారాల తరబడి నాననిస్తారు. ఊక కుళ్లి మట్టికి జిగి వస్తుంది. కుర్రవాళ్లు దాన్ని తొక్కుతారు. నిర్ణయించిన రోజున స్త్రీలు, బాలికలు నీళ్లు మోస్తారు, యువకులు మట్టి తట్టలతో పరుగెత్తుతారు, తాపీపనివారు తాడి దూలాలపై నిలిచి చేతులతోనే పూస్తారు. పేటల మధ్య పోటీ ఉంటుంది. ఒకప్పుడు ఈ పని చేసిన వృద్ధులను గౌరవస్థానంలో కూర్చోబెడతారు. ఆ సంబరంలో పిల్లవాడు మట్టి పాకం ఎంత నానాలో, పూత ఎంత మందం ఉండాలో చెప్పకుండానే నేర్చుకుంటాడు. పూతతో పాటు పని కూడా తరువాతి తరానికి అందుతుంది.

అయినా వాన అప్పుడప్పుడు గెలుస్తుంది. 2009 నవంబరు 5న, 24 గంటల్లో 75 మిల్లీమీటర్ల వాన కురిసిన తరువాత, మస్జిద్ దక్షిణపు బురుజు పైభాగం కూలింది. ఆగాఖాన్ ట్రస్టు నిధులతో అప్పటికే మొదలైన పునరుద్ధరణ పనిలో దాన్ని మళ్లీ కట్టారు. ఆ సందర్భంలో బయటపడ్డ సంగతి ఒకటి గమనించదగ్గది. ఏటేటా పాత పొరపై కొత్త పొర వేస్తూ పోగా పూత చాలా మందమై గోడకే బరువయింది. కాపుదలలో కూడా చూపు ఉండాలి. అలవాటుగా చేసే పని ఒక్కొక్కప్పుడు కాపాడవలసినదాన్నే నొక్కుతుంది.

జెన్నె పట్టణం 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దేశంలోని అశాంతి కారణంగా 2016లో ప్రమాద జాబితాలో చేరింది. అక్కడి ఇంటి యజమానులు కొందరు ఏటా పూత ఖర్చు భరించలేక గోడలకు కాల్చిన పెంకులు అతికించారు. వారిని నిందించడం తేలిక. ఊక ధర, కూలి ధర పెరిగినప్పుడు పేద కుటుంబం ఏం చేస్తుంది? పెంకు వెనుక తడి చేరిన నాడు నష్టపోయేదీ వారే. వారసత్వం అని మెచ్చుకునేవారు పూత ఖర్చులో పాలు పంచుకోకపోతే ఆ మెప్పు గోడను కాపాడదు.

ధర్మశాస్త్రం ఏం చెప్పింది

జెన్నె ఊరు సంబరంగా చేసే పనిని ఇస్లామీయ ధర్మశాస్త్రం విధిగా చెప్పింది. హనఫీ న్యాయగ్రంథాల్లో ప్రసిద్ధమైన అల్ హిదాయాలో ఇమామ్ మర్గీనానీ (మరణం 1197) వక్ఫ్ ఆదాయం మొదట దాని మరమ్మతుకే ఖర్చు కావాలని వివరించారు. వక్ఫ్ చేసిన వ్యక్తి ఆ షరతు వ్రాసినా వ్రాయకపోయినా ఇదే నియమం. కారణం సూటిగా ఉంది. వక్ఫ్ ఫలం శాశ్వతంగా అందాలన్నది దాత ఉద్దేశం, కట్టడం నిలవనిదే అది నెరవేరదు. కట్టడం బాగుపడ్డాకనే లబ్ధిదారుల వంతు.

నివాసం కోసం వక్ఫ్ చేసిన ఇంటి విషయంలో ఈ నియమం మరింత స్పష్టం. అందులో ఉండే హక్కు ఎవరిదో మరమ్మతు బాధ్యత వారిదే. వారు చేయించకపోయినా, చేయించలేని పేదలైనా, ఖాజీ ఆ ఇంటిని అద్దెకిచ్చి, వచ్చిన అద్దెతో మరమ్మతు చేయించి, తరువాత మళ్లీ వారికే అప్పగిస్తాడు. హక్కు పోదు, గోడ కూడా పోదు. తూములు, మురుగు, పక్కింటి గోడకు చేరే తడి వంటి వివాదాలు కూడా ఖాజీల ముందుకు వచ్చేవి. 14వ శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో తాపీపనిలో నిపుణుడైన ఇబ్న్ అర్ రామీ ఇటువంటి తగాదాల్లో న్యాయస్థానానికి పరిశీలకుడుగా ఉండేవాడు. కట్టడాల ధర్మాలపై ఆయన ఒక గ్రంథమే వ్రాశాడు. తాపీ పట్టిన చేయే న్యాయగ్రంథం వ్రాయడం ఆ కాలపు సమాజంలో ఈ పనికి ఉన్న గౌరవాన్ని తెలుపుతుంది.

మన ప్రాంతంలో

తెలుగునాట ఈ జ్ఞానం కొత్తది కాదు. రాయలసీమ మట్టి మిద్దెలపై వానకు ముందు చౌడుమట్టి పరచడం తరతరాల ఆచారం. ఆ మట్టి తడిసినప్పుడు మెత్తగా విచ్చి సందులను పూడుస్తుంది, నీటిని దిగనివ్వదు. గోడను తినే చౌడే కప్పు మీద కాపలా కాస్తుంది! గోడలకు పేడ కలిపిన మట్టి పూత, అడుగున రాతి కట్టు, అరుగు, ముందుకు దిగిన చూరు, ఇవన్నీ షిబామ్ తాపీమేస్త్రి చూసిన వెంటనే అర్థం చేసుకోగల ఏర్పాట్లు.

నగరాల్లోని పెద్ద కట్టడాలది సున్నపు గచ్చు. 1591 నాటి చార్‌మినార్ రాయీ సున్నమూ కలిసిన కట్టడం. గానుగలో రుబ్బిన సున్నంలో బెల్లం, కరక్కాయ వంటివి కలిపేవారు. 20వ శతాబ్దంలో ఆ పని తెలిసినవారు తగ్గి, సిమెంటు చేతికి అందుబాటులోకి వచ్చింది. పాత గోడకు సిమెంటు పూయడం మరమ్మతు అనిపించుకుంది. గోల్కొండ దగ్గరి ఖుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన పునరుద్ధరణలో ఇటువంటి సిమెంటు పూతలను విప్పి తీసి, మళ్లీ సున్నపు గచ్చు వేయవలసి వచ్చింది. 2019 మే నెలలో చార్‌మినార్ మినారు నుండి గచ్చు ముక్క ఊడిపడ్డప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. చార్‌మినార్‌కు పత్రికలున్నాయి, పురావస్తు శాఖ ఉంది. ఊరి చివరి పాత మస్జిద్‌కు, ఆషూర్‌ఖానాకు, దర్గా వెనుకటి సరాయికి ఎవరున్నారు?

ఈ ప్రశ్న ముతవల్లీల ముందు, మస్జిద్ కమిటీల ముందు పెట్టదగినది. మన దగ్గర చందా పోగైతే ముందుగా కొత్త మినారు, నేలకు రంగురాళ్లు, గోడకు నిగనిగలాడే పలకలు గుర్తుకొస్తాయి. హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన వరుస తలక్రిందులవుతుంది. పాత గోడకు పలకలు అతికిస్తే లోపలి చెమ్మకు దారి మూసినట్లే. అడుగున నీరు నిలిచే చోటు మార్చకుండా పైన రంగు వేస్తే ఆ రంగు రెండేండ్లు కూడా ఉండదు.

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. వానాకాలానికి ముందు కప్పెక్కి తూముల్లోని ఆకులు తీయాలి. కప్పు నీరు గోడ వెంట జారకుండా దూరంగా పడుతున్నదో లేదో మొదటి వానలోనే నిలబడి చూడాలి. వుజూ నీరు పునాది దగ్గర నిలవకుండా కాల్వ తీయించాలి. గోడ చుట్టూ నేల ఎత్తు పెరిగి ఉంటే తవ్వించి తగ్గించాలి. మట్టి గోడకు మట్టి పూత, సున్నపు గోడకు సున్నపు గచ్చు వేయించాలి. ఈ పని తెలిసిన మేస్త్రి ఊళ్లో ఇంకా ఉంటే అతని పక్కన ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టాలి. వక్ఫ్ ఆదాయం ఉన్నచోట ఈ ఖర్చు మొదటి పద్దులో రావాలన్నది ధర్మశాస్త్ర నియమమేనని పైన చూశాం.

జెన్నెలో ఒక పాలకుడు తెలిసి తూములు మూయించాడు. మన పాత మస్జిద్‌ల తూములు మూసుకుపోవడానికి పాలకుని ఆజ్ఞ అవసరం లేదు, రెండు ఋతువుల ఆకులు చాలు. ఫలితం రెండు చోట్లా ఒకటే.